సగం తెరపై పద్యం

మా అక్కయ్యకు చెవులు మందగిస్తున్నాయన్న సంగతి ఆమె పద్యం చదివే తీరులోనే నాకు మొదట తెలిసింది.

ఆమె చందానగర్‌లో, బజారు వెనుక వీధిలో, కూతురి ఇంట ఉంటున్నది. నా నివాసం మణికొండ. రెండూ ఒకే నగరపు పేటలే అయినా, ఉద్యోగులు కార్లతో రోడ్డెక్కే వేళకు మా ఇద్దరి నడుమ ఒక జిల్లా వెలసినట్టుంటుంది. అందువల్ల చాలాకాలంగా మేము ప్రతి ఉదయం వీడియో కాల్‌లోనే కలుసుకుంటున్నాము. కుశలప్రశ్నలు క్లుప్తంగా ముగుస్తాయి. ఆ తరువాత, మేము పట్టిన ప్రాచీన కావ్యంలో నిన్న విడిచిన చోటు నుంచి నేనొక పాదం చదువుతాను. ఆమె దానిని తిరిగి చెబుతుంది. నాలుగు పాదాలూ అయ్యాక పద్యమంతా ఆమె ఒక్కతే చదువుతుంది. మా నాన్నగారు బాల్యంలో నాకు సంత చెప్పిన పద్ధతి ఇదే. ఆ రోజుల్లో ఆమె పక్క గదిలో బియ్యం ఏరుతూ వినేది. ఆమెను కూర్చోబెట్టి సంత చెప్పినవారు లేరు. బడి కూడా నడుమనే మాన్పించారు.

చందానగర్‌కు వచ్చిన కొత్తలో ఆమె నన్నడిగింది.

"నాకు గూడ చెప్పురా తమ్మీ. నడుమల నడుమల గాదు, మొదటి పద్యం కాడికెళ్లి ఆఖరి పద్యం దాక. సగంల ఆగిన సదువు ఒకటున్నది నాకు. ఇంకోటి వద్దు."

అట్లా మొదలైన చదువు సగం దాటి సాఫీగా సాగుతుండగా, మొన్నటి చలికాలంలో ఒక వింత కనబడసాగింది. నేను చదివినది ఒకటి, ఆమె తిరిగి చెప్పినది మరొకటి. అయినా ఛందస్సు ఎక్కడా చెడలేదు. గణాలు కుదిరాయి, యతి నిలిచింది. వినబడని చోట తనకు తోచిన మాటలను పోసి ఆమె పాదాన్ని పూరిస్తున్నదని నాకు తెలియడానికి కొన్ని ఉదయాలు పట్టాయి. కవిగారి కంటే ఆమె పూరణమే మేలనిపించిన సందర్భాలు కూడా లేకపోలేదు.

"అక్కా, నీకు నా మాట వినబడుతున్నదా?" అని ఒకనాడు అడిగాను.

"ఇప్పుడే తిన్న," అన్నదామె.

దవాఖానలో చెవికి యంత్రం ఇచ్చారు. దానిని ఆమె రెండు రోజులు పెట్టుకొని తీసి డబ్బాలో వేసింది. "ఇది పెట్టుకుంటె నీ పద్యం కంటె కింద ఆటోల హారన్లే మంచిగ ఇనవడ్తున్నయి" అన్నది. మాటల సందర్భమైతే ఎదుటివారి పెదవుల కదలికను బట్టి చాలావరకు ఊహించుకోగలదు. పద్యానికి ఆ ఊహ చాలదు. చదివే పాఠం కంటి ముందుండాలి. నేను ఎక్కడ ఆగుతున్నానో, ఎక్కడ సాగదీస్తున్నానో తెలియడానికి నా నోరు కూడా కనబడాలి. అచ్చు పుస్తకం చేత పట్టుకుంటే బరువు; అక్షరాలు సన్నం.

ఇక్కడ మా కింది అంతస్తు అమ్మాయిని గురించి చెప్పాలి. ఆమెది కడప జిల్లా. ఇద్దరు స్నేహితులతో కలిసి మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ నడుపుతున్నది. పాత కావ్యాలను ఫోన్‌లో చదువుకొనే యాప్ ఒకటి వారు తయారు చేశారు. పద్యం పెద్ద అక్షరాలలో ఉంటుంది. ఏ మాట మీద వేలు పెడితే ఆ మాటకు అర్థం వస్తుంది. అందులోని పాఠాలను సరిచూసే పని నాది. ఆమెకు నేను సార్‌ను. నాకు ఆమె అమ్మ.

మా మేనకోడలు తల్లికి ఒక ట్యాబ్ కొనిపెట్టి, దానిని అడ్డంగా నిలబెట్టి, తెరను రెండుగా చీల్చింది. ఎడమ సగంలో వీడియో కాల్, అంటే నా ముఖం. కుడి సగంలో యాప్, అంటే పద్యం. ఇంతకన్న కావలసినది ఏముంటుందని నేను సంతోషించాను. మరునాటి ఉదయం అక్కయ్య ఆ కుడి సగాన్ని చాలాసేపు చూసి పెదవి విరిచింది.

"ఏందిరా ఇది? ప్రతి పాదానికి తోక తెగింది. బల్లులు పారుతున్నట్టున్నది."

నిజమే. పాదాల చివరి మాటలు తెర అంచు దాటి ఎటో పోయాయి. ఆ సాయంత్రం కింది అంతస్తు అమ్మాయి ల్యాప్‌టాప్‌తో మా హాలులోకి వచ్చి, తన యాప్‌ను అదే విధంగా సగం తెరలో తెరిచి చూసింది. చూడగానే తల పట్టుకున్నది.

"తప్పు మాదే సార్. ట్యాబ్ వెడల్పు ఎంత అని అడిగినాం. మాకిచ్చిన విండో వెడల్పు ఎంత అని అడగలేదు. ఎప్పుడూ తెరంతా మాదే అనుకున్నాం."

"కిరాయికి ఒక్క గది తీసుకొని ఇల్లంతటికీ సరిపడే తివాచీ కొన్నట్టు," అన్నాను.

"అంతే సార్. మడతపెట్టాల్సి వస్తాది ఇప్పుడు."

నాలుగైదు రోజులలో ఆమె దానిని సరిచేసింది. యాప్ ఇప్పుడు తనకు దక్కిన కిటికీని మాత్రమే కొలుచుకొని, అందులోనే ఇముడుతుంది. తోకలన్నీ తిరిగి వచ్చాయి. కాని అంతకంటె పెద్ద చిక్కు ఒకటి బయటపడింది.

ఆ అమ్మాయి తండ్రి ఊళ్లో పౌరాణిక నాటకాలు ఆడినవాడు. పాదం చివర రాగం తీస్తే వేదిక కింద కూర్చున్నవారు మళ్లీ మళ్లీ చదివించుకొనేవారట. పాదాన్ని నడుమ విరవరాదన్నది ఆయన కూతురికి నేర్పిన నియమం. యాప్ రూపురేఖలు గీసే తొలినాడే ఆమె దానిని శాసనంలా రాసిపెట్టింది: ఎంతటి పాదమైనా ఒక్క వరుసలోనే ఉండాలి. ఆ మాట వినగానే నేను ఆమెను ఆశీర్వదించాను. వేరే ఏ ఇంజనీర్లయినా వరుస పట్టకపోతే మిగిలిన మాటలను కింది వరుసలోకి జారవిడిచి ఊరుకొనేవారు. పద్యం మీద గౌరవం కొద్దీ మేమిద్దరమూ ఆ దారిని మూసివేశాము.

దాని ఫలం సగం తెరలో అనుభవానికి వచ్చింది. కందం చిన్నది కనుక ఎట్లాగో ఇమిడింది. చంపకమాల పాదం పొడవైనది. అది ఒక్క వరుసలో పట్టాలంటే అక్షరాలు కుంచించుకుపోక తప్పలేదు. సీసం సంగతి చెప్పనవసరం లేదు. అక్కయ్య ట్యాబును ముక్కుకు ఆనించుకొన్నది. నాకు ఆమె నుదుటి బొట్టు, పైన తిరిగే పంఖా తప్ప మరేమీ కనబడలేదు. ఆ నుదురే కొంతసేపు నాతో మాట్లాడింది.

"చీమలు బారులు తీరినట్టున్నయి తమ్మీ. వాటిని సదువుదామంటె నీ మొకం కనవడది. నీ మొకం చూద్దామంటె అవి కనవడయి."

"కొంచెం ఓపిక పట్టు అక్కా. ఆ అమ్మాయితో మాట్లాడుతాను."

ఆమె ట్యాబును దూరం జరిపింది. ముఖం అలసి ఉన్నది.

"వద్దులేరా. ఆ పిల్లను పరేషాన్ చెయ్యకు. నీకు గూడ రోజూ గొంతు నొప్పి. ఇగ ఆపేద్దాం. ఇంత దాక వచ్చింది, చాలు."

చాలు అన్న మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. వడ్డనలోనైనా, తగవులోనైనా ఆమె చాలు అనదు. కాల్ ముగిసిన తరువాత కూడా నేను ఆ కుర్చీలోనే ఉండిపోయాను. ఆశ్వాసాలు ఇంకా రెండే మిగిలి ఉన్నాయి. వాటిని ఆమె వినలేకపోతున్నది కనుక చదవాలి. చదవలేకపోతున్నది కనుక ఆపాలి. మేమంతా కలిసి ఆమెను మళ్లీ పక్క గదిలోకే పంపుతున్నామని నాకు అనిపించింది.

ఆ మధ్యాహ్నం పాఠాలు సరిచూసే పనిలో కూర్చున్నాను గాని చూపు నిలువలేదు. యౌవనంలో నేను కొంతకాలం ఒక లిఖిత పుస్తక భాండాగారంలో తాళపత్రాలకు ప్రతులు రాసే పని చేశాను. ఏ ఆలోచన తెచ్చిందో గాని, ఆ తాటాకులు కళ్లముందు కదిలాయి. ఆకు వెడల్పు వేలెడు, పొడవు మూరెడు. లేఖకుడు ఈ అంచున ఘంటం పెడితే ఆ అంచు దాకా రాసుకుంటూ పోయేవాడు. పాదం ముగిసినదని వరుస మార్చేవాడు కాడు. అంచు వచ్చినదంటే మాట నడుమనైనా ఆగి, కింది వరుసలో మిగిలిన అక్షరంతో మొదలుపెట్టేవాడు. దారం దూర్చే రంధ్రం అడ్డువస్తే దాని చుట్టూ తప్పుకొని రాసేవాడు. పద్యం పూర్తయిన చోట రెండు నిలువు గీతలు, మొదలైన చోట వృత్తం పేరుకు ఒక పొడి అక్షరం, గుర్తులు అంతే. ఆకు ఎంత పొడవు ఉంటే పద్యం అంత పొడవున పారింది. పాదానికొక వరుస అన్న మర్యాద అచ్చు యంత్రం వచ్చిన తరువాత ఏర్పడినది. దానిని మేము అనాదిగా వస్తున్న ధర్మమనుకొని ఒక ముసలిదాని కళ్ల మీద రుద్దుతున్నాము.

సాయంత్రం ఆ అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగి, లిఫ్ట్ దగ్గరే పట్టుకున్నాను. సంగతంతా చెప్పాను.

"పాదాన్ని యాడపడితే ఆడ విరిచేద్దామంటారా సార్? మీరేనా ఈ మాట అంటాండేది?"

"నేనే అమ్మా."

"మా నాయన చూస్తే నాతో మాట్లాడడు."

"మీ నాయన చేతిలో అచ్చు పుస్తకం ఉండేది కదా. ఆయన తాత చేతిలో తాటాకు ఉండేది. ఆయనా పద్యం చదివే ఉంటాడు."

ఆమె లిఫ్ట్ తలుపుకు కాలడ్డం పెట్టి ఆలోచించింది. పైనెవరో అదే పనిగా మీట నొక్కుతున్నారు.

"సరే సార్. అక్షరం ఒకే సైజులో ఉంచి, వరుసను విండో ఎంతుంటే అంత పారిస్తా. మరి పాదం ఎక్కడ మొదలయిందో ఎట్లా తెలుస్తాది?"

"పాదం చివర ఒక నిలువు గీత పెట్టు. ప్రాస చెవికి తగులుతుంది. అదే చెబుతుంది."

"అవ్వకు చెవి లేదు కదా సార్," అన్నదామె మెల్లగా.

నిజమే. తాటాకు చదివిన వారికి వినికిడి ఉన్నది. ఆమే దారి చెప్పింది. ప్రతి పాదంలో రెండవ అక్షరమే ప్రాస గనుక, నాలుగు పాదాల్లోనూ ఆ అక్షరానికి మాత్రం కుంకుమ రంగు అద్దుదామన్నది. ఆ ఎరుపు ఎక్కడ కనబడితే అక్కడ పాదం మొదలైనట్టు. చెవి చేసే పనిని కన్ను అందుకుంటుంది. సీసం వంటి వాటికి ప్రాస నియమం లేదు కదా అని నేను గుర్తు చేశాను; వాటికి పాదపు మొదటి అక్షరానికే రంగు వేద్దామని ఆమె అక్కడికక్కడే తేల్చింది. అప్పటికి పైఅంతస్తు పెద్దమనిషి మెట్లు దిగి వచ్చి, ఇద్దరినీ ఒకసారి తేరిపార చూసి, లిఫ్ట్‌లోకి వెళ్లాడు.

శనివారం ఉదయం ఆమె కారులోనే చందానగర్ వెళ్లాము. శేరిలింగంపల్లి దాటేదాకా ఆమె దారి పొడవునా స్నేహితులతో ఫోన్‌లో ఏవో సర్దుబాట్లు చెబుతూనే ఉన్నది. అక్కయ్య మా కోసం సర్వపిండి కాల్చి ఉంచింది.

"ఎట్లున్నావు అవ్వా?" అన్నదా అమ్మాయి గట్టిగా, ఎదురుగా నిలబడి.

అక్కయ్య ఆమె పెదవులను చూసి నవ్వింది. "మా దిక్కు అవ్వ అంటె తల్లి బిడ్డా. ఈ వయసుల నాకు ఇంత చిన్న బిడ్డ ఉన్నదంటె నలుగురు నవ్వుతరు. ముందుగాల తిను."

"మా పక్క అవ్వ అంటే జేజి, నాయనమ్మ. సరిపోతాది లే అవ్వా."

తినడమయ్యాక ట్యాబును బల్ల మీద నిలబెట్టారు. నేను పక్క గదిలోకి వెళ్లి నా ఫోన్ నుంచి కాల్ కలిపాను. పరీక్ష నిజమైన తీరులో జరగాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. కొత్త యాప్‌లో చంపకమాల సగం తెర నిండుగా, పెద్ద అక్షరాలతో పారుతున్నది. ఎర్రని అక్షరాలు నాలుగు చోట్ల మెరిశాయి. నేను పాదం చదివాను. అక్కయ్య కన్ను ఎరుపు నుంచి ఎరుపుకు నడిచింది. పాదాన్ని ఉన్నదున్నట్టు, ఒక్క పొల్లు తప్పకుండా తిరిగి చెప్పింది. తన పూరణాలేవీ లేవు. నాకు వాటి మీద కొంచెం బెంగ కూడా కలిగింది.

నాలుగవ పాదం కాగానే ఆమె తెర నడుమనున్న గీతను వేలితో ఎడమకు జరిపింది, పద్యానికి ఇంకొంత చోటు కావాలని. యాప్ ఒక్కసారి తెల్లబోయి, మళ్లీ వెలిగింది. వెలిగినది కావ్యపు మొట్టమొదటి పద్యంతో.

"ఓయ్," అన్నది అక్కయ్య. "ఇది నా కంటె మతిమరుపుది గదా."

తలుపు దగ్గరికి వచ్చి చూశాను. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. కిటికీ కొలత మారినప్పుడల్లా యాప్ తనను తాను విప్పుకొని మళ్లీ కట్టుకుంటుందనీ, అట్లా కట్టుకొనేటప్పుడు ఎక్కడ ఉన్నదో గుర్తుంచుకొమ్మని చెప్పి ఉండవలసినదనీ ఆమె నాకు వివరించింది. తరువాత అక్కయ్య వైపు తిరిగి, ఒక్కొక్క మాటే విడమరచి చెప్పింది.

"చదువుతా చదువుతా నడుమ ఎవరూ గీత జరపరనుకున్నాం అవ్వా."

"ఎందుకు జరపరు? మాటిమాటికి జరుపుత. సదివేటప్పుడు పద్యం పెద్దగ గావాలె. మాట్లాడేటప్పుడు వీని మొకం పెద్దగ గావాలె. ఇంట్ల తలుపు పొద్దంత ఒక్కతీర్గనే ఉంచుతరా, పనిని బట్టి తెరిచి మూస్తరా?"

ఆ అమ్మాయికి నవ్వాగలేదు. "ఫికర్ వద్దవ్వా, దానికి జ్ఞాపకశక్తి నేర్పిస్తా" అని మాట ఇచ్చింది. హైదరాబాదు ఆమె నాలుక మీదికి కూడా కొంత చేరింది. తరువాతి వారం మధ్యలో ఆ మార్పు వచ్చేసింది. అక్కయ్య దానిని నమ్మక, నేను చూస్తుండగానే గీతను అటూ ఇటూ పదేపదే లాగింది. నా ముఖం ఉబ్బింది, చిక్కింది. పద్యం వెడల్పయింది, సన్నబడింది. కాని ప్రతిసారీ అదే పద్యం, అదే పాదం. చివరికి ఆమె తృప్తిపడి చేయి తీసింది.

"ఇగ సదువు," అన్నది.

ఆపేద్దామన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు. కడపటి ఆశ్వాసంలో ప్రవేశించిననాడు ఆమె గీతను ఎన్నడూ లేనంతగా ఎడమకు నెట్టింది. తెరలో పద్యమే పరుచుకున్నది. మూలన మిగిలిన సన్నని పట్టీలో నేనెట్లా కనబడుతున్నానో నాకు తెలియదు.

"అంత సన్నగా ఎందుకు అక్కా? నా ముఖం పూర్తిగా కనబడుతున్నదా?"

"నీ మొకం మొత్తం నాకెందుకురా? పుట్టినకాన్నుంచి చూస్తున్న. ముక్కు కింది కాడికెళ్లి గదుమ దాక కనవడుతున్నది, గంతే చాలు." ఆమె తెర దగ్గరికి వంగి పరిశీలనగా చూసింది. "గని, మీసమొకటి అడ్డమున్నది. పై పెదవి మొత్తం కప్పేసింది. నువ్వు పకారం అంటున్నవో వకారం అంటున్నవో తెల్వక నిన్నటి సంది తన్లాడుతున్న."

తెలుగు పంతులుగా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు ఆ మీసం ఉన్నది. పాఠం చెబుతూ దానిని ఒకసారి సవరించుకోవడం నా అలవాటని పాత విద్యార్థులు ఇప్పటికీ అనుకరిస్తుంటారు.

"కత్తిరించమంటావా?"

"కత్తిరిస్తె ఏం సాలుతది? తీసెయ్."

పాఠం ముగియగానే మా వీధి చివరనున్న మంగలి దుకాణానికి వెళ్లాను. "రంగు వేద్దమా సార్?" అని అతడు అడిగాడు. వద్దన్నాను; పూర్తిగా తీసివేయమన్నాను. అతడు అద్దంలో నా ముఖాన్ని రెండుసార్లు చూసి, ఇంట్లో అంతా క్షేమమేనా అని మెల్లగా అడిగి, క్షేమమేనన్నాక కత్తి పట్టాడు.

మరునాటి ఉదయం కాల్ కలపగానే అక్కయ్య కళ్లు చిట్లించింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. నాన్నగారి దగ్గర సంతకు కూర్చున్ననాటి వలె ఉన్నావన్నది. నేను గంభీరంగా పద్యం అందుకున్నాను. మొదటి పాదం ముగించి ఆగాను. ఆమె నవ్వు ఆపి, ఎర్రని అక్షరం మీద చూపు నిలిపి, పాదాన్ని తిరిగి చెప్పింది. నేను రెండవ పాదానికి నోరు తెరిచాను.